పాంపేయి చుట్టం

గువ్వల బాలసుబ్బయ్య అంటే అల్లాటప్పా మనిషి కాదు. రాయచోటి చుట్టూ ఏడు మండలాలు గాలించినా ఇటలీ చూసొచ్చిన వంటవాడు ఇంకొకడు దొరకడు. రుమైథియా అనే అరబ్బు ఊళ్ళో ఆయన పనిచేసే ఇంటి పెద్దాయన్ని అందరూ బాబా అనేవారు. బాబా బతికున్న రోజుల్లో ఏ దేశం పోయినా బాలసుబ్బయ్య చేతి వంట లేనిదే ముద్ద దిగేది కాదు. అందుకని వెంట తీసుకుపోయేవాడు.

"పీసాలో ఆ ఒరిగిన గోపురానికి భుజం ఆనించి ఒక్క నెట్టు నెట్టినా. జానెడు లేసింది! కావలోళ్ళు ఉరుక్కుంటా వచ్చి, సామీ, నిట్టనిలువుగా లేపొద్దు, ఇంక చూసేదానికి ఎవరూ రారని కాళ్ళు పట్టుకున్యారు."

పక్కన గిన్నెలు తుడుస్తూ భాగ్యలత నవ్వేది. జగిత్యాల నుంచి వచ్చి అదే ఇంట్లో పనికున్న మనిషి. ఆమెకు ఆయాసం జబ్బు. పీల్చే మందు ఎప్పుడూ జేబులో ఉండాల్సిందే.

"వెనీసుల పడవ నువ్వే నడిపినవ్. ఫ్లోరెన్సుల గుమ్మటం నువ్వే ఎక్కినవ్. మరి ఆ దేశపోళ్ళు ఏం జేసిండ్రు సుబ్బన్నా, చప్పట్లు గొట్టిండ్రా?"

"కొట్టినారు మ్మే! చేతులు వాచేదాకా!"

ఒక్క ఊరి సంగతి వస్తే మాత్రం ఆయన నోరు పెగిలేది కాదు. పాంపేయి. ఎప్పుడో రెండు వేల ఏళ్ళ కిందట కొండ పగిలి, పట్టపగలే చీకటై, బూడిద కురిసి, జనం ఊపిరాడక పోయిన ఊరు. బూడిద కింద మనుషులు కరిగిపోయి, వాళ్ళ ఆకారంలో బోలు మిగిలింది. ఆ బోలులో సుద్ద పోసి తీసిన రూపాలు అక్కడ అద్దాల వెనక ఉన్నాయి. అలాంటిదానికి నకలు ఒకటి చేయించి బాబా ఇంటికి తెచ్చుకున్నాడు. సర్దాబ్‌లో, అంటే ఇంటి కింది నేలగదిలో, వెనీసు గాజు దీపాల నడుమ కూర్చుని ఉండేది అది. మోకాళ్ళు ముడుచుకుని. రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుని.

పోయిన పెద్దల అమావాస్యకు బాలసుబ్బయ్య ఊరికి పోలేకపోయాడు. సర్దాబ్‌లోనే ఒక మూల తండ్రికీ తాతకూ అన్నం పెట్టి నీళ్ళు వదిలాడు. ఇంకో ముద్ద మిగిలింది. చూపు బొమ్మ మీదికి పోయింది.

"పాపం, గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేకపాయ వీనికి."

"వద్దన్నా," భాగ్యలత గొంతు తగ్గించింది. "పెత్రమాస నాడు ఊరు పేరు తెల్వనోనికి పెట్టద్దు. ఏ ఇంటోడని పిలుస్తవ్?"

"ఇంటిపేరు లేకుంటే నాది ఇస్తా! గువ్వలోళ్ళ పేరు పదిమంది మోసినా అరగదు."

దర్బారులో రాజు బిరుదిచ్చినట్టు చెయ్యెత్తి, "గువ్వలోళ్ళ బిడ్డా, తిను నాయనా" అని ముద్ద పెట్టాడు.

మర్నాడు చూస్తే ఆ ముద్ద బూడిద రంగు తిరిగి ఉంది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

మే నెల వచ్చింది. అందరూ మామా అని పిలిచే బాబా భార్య కూతురింటికి వెళ్ళింది. ఇంట్లో వాళ్ళిద్దరే. భోజనాల వేళ దాటాక ఎడారి వైపు నుంచి దుమ్ము కోటగోడలా లేచింది. ఆకాశం ముందు పసుపైంది. తర్వాత ఇటుక రంగు. ఆ తర్వాత ఏ రంగూ లేదు. కరెంటు పోయింది. తలుపు సందుల్లోంచి సన్నటి మన్ను కారుతోంది. కాలిన సున్నం వాసన.

భాగ్యలతకు ఎగశ్వాస మొదలైంది. మందు గొట్టం నొక్కితే ఉత్త గాలి. అంబులెన్సు వాళ్ళకు ఫోన్ చేస్తే, దారి కనబడటం లేదు, వస్తున్నాం అన్నారు.

కిటికీల్లేని గది అదొక్కటే. బాలసుబ్బయ్య ఆమెను పొదివి పట్టుకుని సర్దాబ్‌లోకి దించాడు. గోడకు ఆనించి కూర్చోబెట్టాడు.

చీకటి. ఆమె ఊపిరి కీచుమంటోంది.

దాని వెనకే ఇంకో ఊపిరి...

ఖాళీ కుండలోకి ఎవరో ఊదుతున్నట్టు.

ఆమె ఊపిరి తగ్గేకొద్దీ అది పెరుగుతోంది. బాలసుబ్బయ్య ఫోన్ లైటు వేశాడు. భాగ్యలత మోకాళ్ళు ముడుచుకుని ఉంది. రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుని ఉంది. ఆ చేతుల్ని లాగబోయాడు. రాలేదు. చల్లగా, సుద్దలా...

"గువ్వల..." అన్నది చీకటి. "గువ్వల..."

పీసా గోపురాన్ని నెట్టిన మొనగాడు నేల మీద చతికిలబడ్డాడు.

"నేనే... ఆ పేరు ఇచ్చింది నేనే. ఆ పాపకేం సంబంధం ల్యా. ఇడ్సిపెట్టు. నీకేం కావల్ల?"

"ఇల్లు..."

"పో! మా ఇంటికి పో! రాయచోటిలో దిగి గువ్వలోళ్ళ ఇల్లు యాడంటే ఎవరైనా చూపిస్తారు. పో నాయనా, పో..."

కుండలో ఊపిరి ఆగింది.

భాగ్యలత చేతులు ఒళ్ళో పడ్డాయి. నీళ్ళలోంచి తేలినట్టు గుక్క తిప్పుకుంది. కాసేపటికి కరెంటు వచ్చింది. దీపాల నడుమ బొమ్మ లేదు. అది కూర్చున్న గుర్తు మాత్రం ఉంది. మెట్ల మీద పరుచుకున్న దుమ్ములో వాళ్ళిద్దరి అడుగులు తప్ప వేరే అడుగు లేదు.

"నీ పుణ్యాన బతికిన అన్నా," అందామె.

"ఇదొక లెక్కా మ్మే? రోములో అయితే..." అంటుండగానే ఫోన్ మోగింది. ఊరి నుంచి భార్య చిన్నక్క.

"ఏమయ్యా, ఈ మనిషిని నువ్వే పంపినావంట? గువ్వలోళ్ళమంటాడు. ఒళ్ళంతా బూడిద. చెంబులకు చెంబులు నీళ్ళు తాగినా దప్పే అంటాడు."

"తలుపెయ్ చిన్నక్కా! లోపలికి రానియ్యొద్దు!"

"మన ఇంటిపేరు చెప్పినోణ్ణి అరుగు మీద కూర్చోబెడతారా యాడన్నా? ఎప్పుడో రమ్మంటి." ఆమె దగ్గింది. "ఏందో, పొద్దు ఇంకా కుంకనే ల్యా, ఈడ చీకటి పడ్తాంది..."

తర్వాత కూడా ఏదో చెబుతూనే ఉంది. మాట మాత్రం సరిగ్గా తెలియడం లేదు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.