కుళాయి కట్టేసే ఉంది

ఉదయం ఏడున్నరకే తమ్ముడు అక్క ఇంటి గేటు తీశాడు. భుజాన పార, చేతిలో పనిముట్ల సంచి. ఇళ్లకి కృత్రిమ గడ్డి పరచడం అతని పని. సముద్రానికి రెండు వీధుల ఇవతలున్న ఈ ఇంటి పెరట్లో ఎనిమిది నెలల క్రితం గడ్డి పరిచింది కూడా అతనే. ఇప్పుడది మధ్యలో తొట్టెలా కుంగిపోయింది. మూడు రోజుల క్రితం బట్టలు ఆరెయ్యబోయిన అక్క అక్కడే కాలు మడతపడి పడింది. కుడి మణికట్టు విరిగింది.

"రావయ్యా గడ్డి డాక్టరూ," అన్నాడు బావ పెనం మీద బ్రెడ్డు తిరగేస్తూ. "మీ అక్క కట్టు విప్పేలోగా నేను పూర్తిస్థాయి వంటవాణ్ణయిపోయేలా ఉన్నాను."

కట్టు చేతిని దిండు మీద ఆనించుకుని కూర్చున్న అక్క నవ్వలేదు.

"ఎంత బాగా వేస్తే ఏం లాభంరా? రోజూ కుళాయి వదిలేస్తుంటే ఏ నేల మాత్రం ఆగుతుంది?"

ఆ మాట పక్కగదిలోకి వినబడాలనే అంది. ఆ గదిలో ఉండేది ఆమె మామగారు. తపాలా ఆఫీసులో ముప్పై ఆరేళ్లు ఉత్తరాలు విడదీసిన మనిషి. ఏ వీధిలో ఏ నంబరు ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

తమ్ముడు పార సర్దుకుని పెరటివైపు నడిచాడు. కుళాయి మాట మొదట అన్నది తనే. రెండు నెలల క్రితం "గడ్డి మీద నీళ్లు నిలుస్తున్నాయిరా" అని అక్క ఫోన్ చేస్తే, "ఎవరైనా కుళాయి వదిలేస్తున్నారేమో చూడక్కా" అనేశాడు. ఆ పూటకి గండం గడిస్తే చాలనుకున్నాడు. పెరట్లో మొక్కలకి నీళ్లు పోసేది ఆ ఇంట్లో ఒక్క పెద్దాయనే అన్న సంగతి అప్పుడు తట్టలేదు. తట్టాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

పెరటి తలుపుకి కొత్త తాళం ఉంది. బావ వచ్చి తీశాడు. కుళాయి పక్కన గోడకి ఒక చీటీ అతికించి ఉంది. వణికిన అక్షరాలు: 'కట్టేశానా? రెండుసార్లు చూడు.'

తమ్ముడు దాని ముందే నిలబడిపోయాడు.

"నేను పెరట్లోకి రావచ్చా బాబూ?" వెనక నుంచి పెద్దాయన గొంతు. తన కొడుకింట్లో తనే అనుమతి అడుగుతున్నారు.

"అదేంటి మావయ్యగారూ, రండి."

ఆయన గుమ్మం దాటకుండానే మాట్లాడారు. "సోమవారం తలకి పరీక్షలు చేయిస్తారట. కుళాయి వదిలేసినట్టు నాకు ఒక్కసారి కూడా గుర్తులేదు. గుర్తులేకపోవడమే జబ్బు అంటోంది కోడలు. అదీ నిజమేగా? నా చేతులారా ఆ పిల్ల చెయ్యి విరగ్గొట్టానేమోనని నిద్రపట్టడం లేదు."

తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని గడ్డి అంచు కోసి పైకి లేపాడు. కింద ప్లాస్టిక్ పట్టా. నీళ్లు ఇంకే గుడ్డ ఉండాల్సిన చోట అతను వేసిందే. దాని కింద కంకర లేదు, నీళ్లు బయటికి పోయే చిల్లుల పైపు లేదు. డాబా మీది వాననీళ్లు గొట్టంలోంచి గోడ మూలకి దూకి, పట్టా కిందికి దూరి, ఇసుకని ప్రహరీ గోడ సందులోంచి బయటికి లాక్కుపోయాయి. లోపల అడుగు లోతు గొయ్యి.

బయట బండి నిండా కంకర తెచ్చి ఉంచాడు. నింపేసి గడ్డి కప్పేస్తే మూడో కంటికి తెలియదు. సోమవారం పెద్దాయనకి పరీక్షలూ జరిగిపోతాయి.

"అక్కా, బావా, ఒకసారి రండి," అని పిలిచాడు.

ఇద్దరూ వచ్చారు. పెద్దాయన గుమ్మం దగ్గరే ఉన్నారు.

"కుళాయి కాదక్కా. నేనే. కంకర వెయ్యలేదు, పైపు పెట్టలేదు. ఇసుక నేలేగా, నీళ్లు అదే తాగేస్తుందిలే అనుకున్నాను. వేరేవాళ్ల పని మర్నాటికి ఒప్పుకుని ఉన్నాను. మన ఇల్లేగా, ఎవరడుగుతారని తొందరగా ముగించేశాను."

బావ వంగి గొయ్యిలోకి చూశాడు. అక్క తమ్ముణ్ణే చూస్తోంది.

"మరి కుళాయి అని ఎందుకన్నావు?"

"నా పని తప్పంటావని."

"అప్పటికే నీకు తెలుసా?"

"తెలుసు."

అక్క కట్టు చేతిని పైకెత్తి చూపించింది. "ఎముక విరిగితే అతుక్కుంటుందిరా. ఆయన్ని నేను ఏమేమన్నానో నీకు తెలుసా? మొన్న అందరి ముందూ, నీళ్ల గ్లాసు కూడా మీ చేతికివ్వడం దండగ అన్నాను. ఆయన తలొంచుకుని లోపలికెళ్లిపోయారు. ఆ మాటని ఏం చెయ్యమంటావు?"

పెద్దాయన మెల్లగా వచ్చి గొయ్యి అంచున నిలబడ్డారు. పట్టా కొస పట్టుకుని చూశారు.

"అయితే నేను కట్టేసేవాణ్ణన్నమాట," అన్నారు. "రోజూ కట్టేసేవాణ్ణే." నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

అక్క ఎడమచేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది. "మావయ్యగారూ, నన్ను..." ఆయన ఆమె తల నిమిరారు. బావ తాళంచెవి తీసి తండ్రి జేబులో వేశాడు.

తమ్ముణ్ణి పెరట్లోనే వదిలేసి ముగ్గురూ లోపలికెళ్లిపోయారు. మధ్యాహ్నం దాకా ఇసుక తవ్వి చదును చేశాడు, గుడ్డ పరిచాడు, గోడ మూల నుంచి వీధి కాలువ దాకా పైపు పెట్టాడు, కంకర పోసి దిమ్మిస కొట్టాడు. ఇలాగే చేసుంటే అప్పుడు ఒక్క రోజు ఎక్కువ పట్టేది, అంతే.

రెండు గంటలకి అక్క ఎడమచేత్తో అన్నం కంచం తెచ్చి గట్టు మీద పెట్టింది.

"కోపం పోలేదు," అంది. "ఎప్పుడు పోతుందో నాకే తెలీదు. తిండి మాత్రం తిను."

"తర్వాత తింటానక్కా. చేతులు ఇసుక."

కడుక్కోవడానికి కుళాయి దాకా వెళ్లే మొహం అతనికి లేదు. అది పెద్దాయనకి అర్థమైందేమో. వచ్చి గట్టు మీద కూర్చున్నారు. కంచం ఒళ్లో పెట్టుకుని అన్నం కలిపారు.

"ఆకలితో పని చేస్తే మళ్లీ తొందరపడతావు," అన్నారు ముద్ద అందిస్తూ. "నోరు తెరువు."

నోరు తెరిచాడు. ముద్ద లోపలికి వెళ్లలేదు. దాన్ని నోట్లోనే ఉంచుకుని తమ్ముడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దాయన రెండో ముద్ద చేత్తో పట్టుకుని, తొందరపెట్టకుండా కూర్చున్నారు.