ఎడమచేతి తరగతి

చిత్రావతి విశ్వవిద్యాలయంలో బీఈడీ చదివేవాళ్లు బడి గడప తొక్కి చాలా ఏళ్లయింది. తొక్కాల్సిన పనేముంది? విద్యావిభాగం కింది అంతస్తులో ఒక పెద్ద గది ఉంది. తలుపు తీసి లోపలికి వెళ్తే చాలు, గోడల్లోని ప్రొజెక్టర్లు వెలిగి బెంచీల నిండా పిల్లలు ప్రత్యక్షమవుతారు. వెలుతురుతో చేసిన పిల్లలు. చెవి మెలిపెట్టబోతే చెయ్యి గాల్లోంచి పోతుందిగానీ, మిగతా అల్లరంతా అచ్చం ఏడో తరగతిదే. ఆ గదికి 'ప్రతితరగతి' అనీ, ఆ పిల్లలకు 'ఛాయాబాలలు' అనీ పేర్లు పెట్టారు. పాఠం ముగియగానే యంత్రమే మార్కులు వేస్తుంది. అందరికీ మంచి మార్కులే వస్తాయి.

విభాగాధిపతి ఆచార్య వకుళ చదువుకునే రోజుల్లో ఈ గది లేదు. మైక్రో టీచింగ్ ఉండేది. ఒకరు టీచరుగా నిలబడితే తోటి బీఈడీవాళ్లే పిల్లల్లా బెంచీల మీద కూర్చునేవారు. మీసాలు మెలేసే మగాళ్లు, ఇంట్లో బిడ్డను పడుకోబెట్టి వచ్చిన తల్లులు, అంతా కాసేపు చిన్నపిల్లలైపోయేవారు. వెనక బెంచీ ఓబులేశుది. తర్వాత ఆమె పెళ్లాడింది అతన్నే. అతను పోయి మూడేళ్లయింది. ఆ బెంచీల రోజులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

వచ్చే నెల ఆమె పదవీ విరమణ. ఆలోపు ఒక పని మిగిలింది. ప్రతితరగతిని రాష్ట్రంలోని బీఈడీ కాలేజీలన్నిటిలో పెట్టాలా వద్దా అన్నది సోమవారం పాలకమండలి తేలుస్తుంది. ఆమె ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.

ఊ అనేసేదే. ఇంతలో నీహారిక వచ్చింది. యంత్రం దగ్గర అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్ల, ఈ మధ్యే ఒక ప్రభుత్వ బడిలో చేరింది.

"రాజీనామా చేస్తా మేడం. ఆడ ఎవురూ చెయ్యెత్తరు. అడిగితే నేల చూస్తారు. ముందు బెంచీలో ఒక పాప రోజూ ఆకలితో నిద్రపోతాంది. ఇట్లుంటారని నాకెవరూ చెప్పల్యా."

"తొందరపడొద్దు. సోమవారం దాకా ఆగు," అని పంపేసి వకుళ తిన్నగా కింది అంతస్తుకు దిగింది. యంత్రాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త ఇంతియాజ్ అక్కడే ఉన్నాడు.

"ఈ పిల్లల డేటా యాడిది నాయనా?"

"మన విభాగానిదే మేడం. పాత వీడియోలు గుట్టలుగా పడున్నాయి. పైన 'తరగతిగది ప్రవర్తన' అని ఉంది. అవి చూపించి యంత్రానికి నేర్పాం. ముఖాలు మాత్రం కొత్తగా గీశాం."

వకుళ సుద్దముక్క పట్టుకుని బల్ల ముందు నిలబడింది. తన పాత పాఠమే, నీడలు ఎలా ఏర్పడతాయన్నది. కాసేపు చెప్పి, "జవాబు తెలిసినవాళ్లు చేతులెత్తండి," అంది.

తరగతి తరగతంతా ఎత్తింది. సగం కుడిచేతులు, సగం ఎడమచేతులు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇంతియాజ్, వీళ్లు పిల్లలు కాదు. మా బ్యాచి."

అతనికి అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది.

"మార్కులేసే లెక్చరరు వెనక నిలబడి చూస్తాంటాడు. తరగతి ఉలకకుండా పలకకుండా కూర్చుంటే టీచరు మార్కులు పోతాయి. అందుకని మా ఆయన ఒక ఉపాయం చెప్పినాడు. తెలిసినోళ్లు కుడిచెయ్యి, తెలియనోళ్లు ఎడమచెయ్యి. ఎత్తడం మాత్రం అందరూ ఎత్తాల. టీచరు కుడిచేతులోళ్లనే లేపాల. ఆ పాఠాలన్నీ వీడియో తీసేటోళ్లు, నువ్వు చూసింది అవే. పిల్లల్ని కాదు, పిల్లల వేషమేసిన పెద్దోళ్లను తయారుచేసినావు. మేం చిన్నప్పుడు ఎట్లుండింటే బాగుండునో అట్లుండే పిల్లల్ని."

అప్పుడు వెనక బెంచీలో ఒక కుర్రాడు ఎడమచెయ్యి అలాగే ఎత్తి, మెడ కొంచెం పక్కకు వాల్చాడు.

"టీచర్, నీడకు బరువుంటాదా?"

ముఖం ఎవరిదోగానీ ఆ మెడ వాల్చడం ఓబులేశుదే, ఆ ప్రశ్నా అతనిదే. ఆనాడు జవాబు తోచక ఆమె బిక్కమొహం వేస్తే తరగతంతా నవ్వింది. వకుళ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

ఆ కుర్రాడెవరో ఆమె చూపును బట్టి ఇంతియాజ్‌కు తెలిసిపోయింది. గొంతు తగ్గించి, "నేనెవరికీ చెప్పను మేడం. ఉంచేద్దాం. రిటైరయ్యాక కూడా మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు," అన్నాడు.

ఉంచుకోవాలని ఆమెకు ప్రాణం లాగింది. రోజూ వచ్చి ఈ బల్ల దగ్గర నిలబడితే ఎవరు కాదంటారు? కానీ ముందు బెంచీలో నిద్రపోయే ఆ పాప కళ్లముందు మెదిలింది. ఈ గదిని నమ్ముకుని ఎంతమంది నీహారికలు ఎన్ని బళ్లకు వెళ్లి దిక్కుతోచక నిలబడాలి?

ఆమె వెనక బెంచీ వైపు చూసింది. "బరువుండదని పుస్తకంలో ఉందిరా. నాకు మాత్రం మూడేళ్లుగా ఉన్నట్టే ఉంది."

"అయితే పుస్తకం తప్పా టీచర్?"

తరగతంతా గొల్లుమంది. వాళ్లతో పాటు ఆమె కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని, "చెరిపెయ్ నాయనా," అంది.

పాలకమండలి ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. చీవాట్లు తప్పలేదు. ఈసారి నిజమైన బళ్లకు కెమెరాలు పట్టుకెళ్లి కొత్త డేటా తెమ్మన్నారు. ఆమె పదవీ విరమణ రోజున మొదటి వీడియో వచ్చింది. అది రాజీనామా వాయిదా వేసుకున్న నీహారిక తరగతి.

ఆ అమ్మాయి ప్రశ్న అడిగింది. నేల చూసే పిల్లలంతా చేతులెత్తారు. సగం కుడివి, సగం ఎడమవి.

ఇంతియాజ్ తల పట్టుకున్నాడు. వకుళ నీహారికకు ఫోన్ చేసింది.

"ఈ విద్య నీకెవురు నేర్పినారు?"

"కెమెరా అంటే భయమేసింది మేడం. పిల్లోళ్లు చెయ్యెత్తకుంటే మీకు చెడ్డపేరొస్తాదని నేనే వాళ్లకు నేర్పినా. నాకు నేర్పింది ప్రతితరగతిలో వెనక బెంచీ పిల్లోడు. మొదటిరోజు నేను వణుకుతాంటే, భయపడొద్దు టీచర్, ఎవరన్నా చూడనొస్తే తెలిసినోళ్లం కుడిచెయ్యి, తెలియనోళ్లం ఎడమచెయ్యి ఎత్తుతాంలే అన్నాడు."

నీహారిక ఇంకా చెప్పింది. "కెమెరావాళ్లు పోయినా పిల్లోళ్లు మానల్యా మేడం. ముందు రాదని చెప్పనీకి సిగ్గుపడేటోళ్లు. ఇప్పుడు ఎడమచెయ్యి ఎత్తుతారు. ఎవరికి రాదో నాకు తెలుస్తాంది. వాళ్ల దగ్గరికే ముందు పోతాండా."

తెర మీద ముందు బెంచీ పాప మేలుకునే ఉంది. ఎడమచెయ్యి వీలైనంత పైకెత్తి పట్టుకుంది.

"మేడం," అన్నాడు ఇంతియాజ్ నీరసంగా. "దీన్ని నిజమైన తరగతి అనాలా, నటన అనాలా? ఉంచాలా, చెరపాలా? మీకేమైనా తెలుస్తోందా?"

వకుళ తెర మీంచి చూపు తిప్పకుండా, మెడ కొంచెం పక్కకు వాల్చి, ఎడమచెయ్యి ఎత్తింది.