పదకొండు కిలోమీటర్లు నడిచిన బండి

శుక్రవారం ఉదయం 7:40. చెడిపోయిన బండ్లు లాక్కెళ్లే రోఆల్డ్ పోలీసులకు ఫోన్ చేశాడు. మలుపు కింద వాగులో కారు తలకిందులై ఉంది. లోపల ఇంటింటికీ తిరిగే నర్సు ఓషిల్డ్. ప్రాణం లేదు.

నార్వే కొండల్లో జనవరి. రోడ్డంతా మంచు, దాన్ని కరిగించడానికి చల్లిన ఉప్పు కలిసిన బురద.

పాతికేళ్ల కారు. ఇంజిన్ తీసేసి కరెంటు మోటారు పెట్టింది ఊరి మెకానిక్ ఆర్న్‌ఫిన్. నాలుగు చక్రాలూ లాగాలని పాత షాఫ్ట్ అలాగే ఉంచాడు. మోటారు బలాన్ని వెనక చక్రాలకు మోసే ఇనుప గొట్టం అది. ఇప్పుడది కారు కింద లేదు. పది అడుగుల అవతల మంచులో పడుంది.

మధ్యాహ్నానికి ఆర్న్‌ఫిన్ షెడ్డుకు సీలు పడింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని కేసు రాయడమే తరువాయి. పెద్ద కంపెనీ బండైతే నిపుణుల కమిటీ వేసేవారు. చేత్తో చేసినవాడికి సీలు చాలు.

ఇన్వెస్టిగేటర్ గున్‌వోర్‌కు యాభై తొమ్మిదేళ్లు. నిద్ర చాలదు, మోకాళ్లు లేవనివ్వవు. శనివారం ఉదయం, వాగులోంచి పైకి తీసిన కారు ముందు నిలబడింది.

"ఇంకేం చూస్తావ్? ఇంటివంట బండి. షాఫ్ట్ ఊడింది, జారింది," అన్నాడు టెక్నీషియన్.

"షాఫ్ట్ అసలు ముందే లేకపోతే?"

"బండి అంగుళం కదలదు. ముందు వెనక చక్రాలకు బలం పంచే మధ్య డిఫరెన్షియల్, అంతా ఖాళీ వైపుకే వదిలేస్తుంది. ఆవిడ షెడ్డు నుంచి పదకొండు కిలోమీటర్లు నడిపింది."

గున్‌వోర్ మూలుగుతూ కిందికి దూరింది. షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్, గుండ్రటి ఇనుప బిళ్ల. బోల్టు రంధ్రాలు నాలుగూ చెక్కుచెదరలేదు. షాఫ్ట్ ఆనే ముఖం నిండా తెల్లటి ఉప్పు.

ఆమె నేరుగా ఆర్న్‌ఫిన్ వంటింటికి వెళ్లింది.

"మధ్య డిఫరెన్షియల్ ఏం చేశావ్?"

"వెల్డింగ్ పెట్టి లాక్ చేశా. ఒక్క మోటారే నాలుగింటినీ తిప్పాలిగా. పొడి రోడ్డు మీద మలుపుల్లో మూలుగుతుంది. మనకి పొడి రోడ్డు ఏడాదికెన్నాళ్లులే!"

"అయితే షాఫ్ట్ లేకపోయినా?"

అతని మొహం పాలిపోయింది.

"నడుస్తుంది. ముందు చక్రాలతో. తేడా తెలీదు. దిగుడులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మోటారే బ్రేకు. అదంతా ముందు రెండింటి మీదే పడుతుంది. మంచు మీద స్టీరింగ్ పోతుంది."

"గురువారం నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"చిన్న బ్యాటరీ చచ్చింది. మధ్యాహ్నం 2:10కి రోఆల్డ్ లాక్కొచ్చాడు. బ్యాటరీ మార్చి తాళం టైరు మీద పెట్టా. పొద్దున ఆవిడే తీసుకుపోయింది. ఈ ఊళ్లో అందరం అంతేగా."

ఆదివారం 11:00. సీలు వేసిన షెడ్డు ముందు ముగ్గురు. గున్‌వోర్, ఆర్న్‌ఫిన్, రోఆల్డ్.

"ముందు చక్రాలు పైకెత్తి, వెనక చక్రాల మీద దొర్లించి లాక్కొచ్చావు," అంది గున్‌వోర్. "అందుకే షాఫ్ట్ విప్పావు."

"విప్పకపోతే చక్రాలతో పాటు మోటారూ తిరిగి కాలిపోదూ? మేలే చేశా!" అన్నాడు రోఆల్డ్.

"మళ్లీ ఎందుకు బిగించలేదు?"

"ఇంకో బండి మంచులో దిగబడిందని ఫోన్. షాఫ్ట్ ఆవిడ కారు డిక్కీలోనే పెట్టా. వీడు చూస్తాడులే అనుకున్నా."

"షాఫ్ట్ వాగు దాకా బిగించి ఉంటే ఫ్లాంజ్ ముఖం మీదికి రోడ్డు ఉప్పు ఎలా వచ్చింది? నువ్వు మాకంటే ముందొచ్చావు. డిక్కీలోంచి తీసి మంచులో పడేశావు."

రోఆల్డ్ బూటుతో మంచును గీరాడు.

"అది చూడగానే అందరూ ఆర్న్‌ఫిన్ అనేశారు. నేను ఒక్క ముక్క చెప్పాల్సిన పని కూడా పడలేదు, గున్‌వోర్."

ఆమె అతన్ని జీపెక్కించి వచ్చి సీలు చింపింది.

ఆర్న్‌ఫిన్ లోపలికి కదల్లేదు.

"కేసులో నా పేరు కూడా రాయి. బండి నా దగ్గరుంది. తాళం పెట్టింది నేను. కింద చూడలేదు."

"వంగి చూడకపోవడానికి సెక్షన్ లేదయ్యా."

"ఉండాలి," అన్నాడు. షట్టరు తనే కిందికి లాగేశాడు.