ఎండ చూడని మచ్చ

పట్టపగలు కూడా మెట్ల మీద బల్బు వెలుగుతోంది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసి ఆగాడు. స్టేషన్లో ఆయన్ని వెనకాల 'జిడ్డు' అంటారు. పట్టుకుంటే వదలడు మరి. ఆరు వారాల కిందట ఈ ఇంటి పెద్దావిడ ఈ మెట్ల కిందే శవమై దొరికింది. చీకట్లో కాలు జారిందని ఫైలు మూసేశారు. ఆయనకు మాత్రం కంటి మీద కునుకు లేదు.

లైటు వెయ్యడం మరిచి అమ్మను తనే చంపుకున్నానని కూతురి నమ్మకం. ఆ రోజు నుంచి బల్బు ఆర్పలేదు. పై మెట్టు మీద అమ్మ చెప్పుల చప్పుడు వినిపిస్తోందని చెప్పింది. పిల్ల ముఖం పీక్కుపోయింది.

"లైటు వెయ్యలేదని నీకు గుర్తుందా అమ్మా?"

"వేసినట్టే అనిపిస్తుందండి. మావయ్యే చూశాడు, ఆరిపోయి ఉందట. నీ తప్పు కాదులే అని రోజూ ఓదారుస్తాడు."

ఇన్‌స్పెక్టర్ మెట్ల పక్క గోడ తడిమాడు. గరుకు సిమెంటు. మోచేతి ఎత్తున ఎండిన నెత్తుటి మరక. పెద్దావిడ గీసుకుందని రిపోర్టు. కానీ పోస్ట్‌మార్టంలో తలకి దెబ్బే తప్ప ఒంటి మీద ఒక్క గీరు లేదు.

మరి ఈ గోడ ఎవరి తోలు లేపింది?

మావయ్య, అంటే పోయినావిడ తమ్ముడు, పై గదిలో ఉంటాడు. వ్యాన్ డ్రైవరు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ఎండ మండిపోతున్నా ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టి ఉంది. ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు మడవమన్నాడు. కుడి మోచేతి కింద అరచేతంత మచ్చ, లేత గులాబీ రంగులో.

"పాత దెబ్బండి. నిరుడు వేసవిలో షట్టర్ గీసుకుంది."

"వ్యాన్‌లో ఏసీ ఉందా?"

"ఎక్కడిదండీ. అద్దం దించి, చెయ్యి కిటికీ మీద పెట్టి నడపడమే."

"మానిన చోట కొత్త తోలు ఎండకి ఇట్టే నల్లబడుతుంది. ఏడాదిగా కిటికీ మీదున్న చెయ్యి ఇది. మచ్చ మాడిపోయి ఉండాలి. ఇదేమో ఎండ మొహమే చూడలేదు. ఎప్పట్నుంచి దాస్తున్నావు?"

మావయ్య గబుక్కున చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. కూతురే నెమ్మదిగా చెప్పింది. అమ్మ పోయిన మర్నాటి నుంచే ఆ చొక్కాలు. చలిగా ఉంటోందన్నాడట. అక్క శవాన్ని చూసి జడుసుకున్నాడని జాలిపడి, రోజూ తనే ఇస్త్రీ చేసిపెట్టింది.

"గోడ మీద నెత్తురు ల్యాబ్‌కి వెళ్తోంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈలోగా నువ్వే చెబితే మంచిది."

మావయ్య మెట్టు మీద కూర్చుని ఒప్పుకున్నాడు. తాగొస్తే గదిలోంచి వెళ్లిపొమ్మంది అక్క. కోపంలో మెట్ల మీంచి తోసేశాడు. తూలి గోడకి తనూ రాసుకున్నాడు.

"అప్పుడు లైటు..." కూతురు అడిగింది.

అతను తలెత్తలేదు.

"వెలుగుతూనే ఉందే తల్లీ. తర్వాత నేనే ఆర్పాను."

మావయ్యను ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది. ఆమె మెట్లెక్కి స్విచ్ నొక్కింది. బల్బు ఆరిపోయింది. పై మెట్టు మీద ఏ చప్పుడూ లేదు. ఇన్నాళ్లూ భయపడిన ఆ చెప్పుల చప్పుడు కోసమే ఇప్పుడు చెవులు రిక్కించి, అక్కడే కూర్చుండిపోయింది.