నలభై అయిదు మీద తిరిగిన బాణీ

"ఎవరైనా పోయారాండీ?"

షాపులో అడుగుపెడుతూనే ఆ అమ్మాయి వేసిన ప్రశ్నకి టోర్కెల్ చేతిలో కాఫీ తొణికింది.

"పోవడమేమిటి?"

"మరి ఈ బాణీని శవం వెనక నడిచినట్టు వినిపిస్తున్నారేం? ఇది గంతులేయించేది!"

గోథెన్‌బర్గ్‌లో పాత రికార్డులమ్మే తన షాపులో టోర్కెల్‌ని ఇంతవరకు ఎవరూ ఇలా నిలదీయలేదు. డెబ్బైల నాటి స్వీడిష్ బృందాలంటే అతనికి ప్రాణం. నోటిపాట అన్నదే లేకుండా ఆర్గాన్, ఫ్లూట్, డ్రమ్స్ ఇరవై నిమిషాలు అల్లుకుపోయే ఆ సంగీతాన్ని తనూ మరో ఇద్దరితో కలిసి వాయిస్తాడు.

ఆమె పేరు వెండెలా. ట్రామ్ నడుపుతుంది. నీలం యూనిఫాం మీద వాన చుక్కలు ఇంకా ఆరలేదు.

"ఇదే రికార్డు మా ఇంట్లో ఉంది. శనివారం వస్తే మిఠాయి పొట్లం విప్పి, నాన్నా నేనూ వంటింట్లో దీనికి డాన్స్ చేసేవాళ్ళం."

టోర్కెల్‌కి అనుమానం వచ్చింది. రికార్డు తిరిగే వేగం మీటని ముప్పై మూడు నుంచి నలభై అయిదుకి తిప్పాడు. సంగీతం ఒక్క ఉదుటున పరుగందుకుంది.

"ఇదే!" అంది, కళ్ళు మెరిపిస్తూ.

అక్కడితో ఊరుకోవలసింది. పగలబడి నవ్వాడు.

"ఇన్నేళ్ళుగా తప్పు వేగంలో విన్నారా! ఇది ముప్పై మూడు మీద తిరగాలండీ. పాడేవాడుంటే గొంతు ఎలుకలా కీచుమని తప్పు పట్టిచ్చేసేది."

ఆమె ముఖం పాలిపోయింది.

"నాన్న పోయి ఆరు నెలలు. ఆయనది నాకు మిగిలింది ఇదొక్కటే. అదీ తప్పేనా?"

ఆమె వెనక తలుపు మూసుకుంది. ఆమె తండ్రి ఎలాగూ వెళ్ళిపోయాడు. ఆయన బాణీని కూడా టోర్కెల్ లాగేసుకున్నాడు.

మర్నాడు ట్రామ్ చివరి స్టాప్‌లో ఆమె దిగేదాకా వానలో నిలబడ్డాడు.

"ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో వాయిస్తున్నాం. రండి."

"మీ శవయాత్రకా?" అని తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆదివారం ఆ బాణీని నలభై అయిదు వేగంలోనే వాయిద్దామని టోర్కెల్ అనగానే, డ్రమ్ములు వాయించే హిల్డింగ్ అదిరిపడ్డాడు. "ఒరేయ్, పిచ్చి పట్టిందా? ఆ వేగానికి నా భుజాలు ఊడిపోతాయి! వచ్చే ముసలాళ్ళందరికీ ప్రతి స్వరం కంఠతా. తంతారు!"

"తన్నించుకుందాం."

ఆదివారం వచ్చింది. చేతులు కట్టుకున్న నెరిసిన గడ్డాలు, వరసలు వరసలుగా. మొదలుపెట్టగానే అందరి ముఖాలూ మాడిపోయాయి. ముందు వరసలో ఒక పెద్దాయన టోపీ తీసుకుని లేచాడు. వెండెలా జాడ లేదు. టోర్కెల్ ఆర్గాన్ మీంచి తలెత్తి తలుపు వైపే చూస్తూ వాయించాడు.

అప్పుడు పుస్తకాల బీరువాల మధ్య నుంచి ఒక నీలం కోటు కదిలింది. ఆమె ఒక్కతే ఆడుతోంది. ఒక చెయ్యి మాత్రం గాలిలో ఎత్తి ఉంది, ఎవరో పొడుగాటి మనిషి పట్టుకున్నట్టు. లేచిన పెద్దాయన అలాగే కూర్చుండిపోయాడు.

బాణీ ఆగాక తిన్నగా ఆర్గాన్ దగ్గరికొచ్చింది. చెంపలు తడిగా ఉన్నాయి.

"క్షమించండి, ఆ రోజు నేను..." అన్నాడు టోర్కెల్.

"నోరు మూసుకుని విను. నీ నెమ్మదిది కూడా నాకు కావాలి."

"అది శవయాత్ర అన్నారుగా?"

"గంతులకి పనికిరాదు. పట్టుకుని ఆడటానికి పనికొస్తుంది."

టోర్కెల్ నిర్ఘాంతపోయాడు. "నేను వాయిస్తూ ఉంటే మీరు ఎవర్ని పట్టుకుంటారు?"

వెనక నుంచి డ్రమ్ము పుల్ల వచ్చి వీపున తగిలింది.

"ఒరేయ్ మొద్దూ!" అని అరిచాడు హిల్డింగ్. "రికార్డు పెట్టరా!"