మగ్గం ఆగిన రోజు

తెల్లవారేసరికే పంకజాక్షి రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. ఒళ్లో బడి కాగితం. తమ ఊరు నగరిలో ఫుట్‌బాల్‌కు ఎంత ఆదరణ ఉందో అడిగి రాసుకు రమ్మన్నారు పదో తరగతి సోషల్ సారు. మెక్సికోలో ప్రపంచ కప్పు జరుగుతోందని ఆయనకు ఉత్సాహం. పంకజాక్షికేమో కొత్తవాళ్లతో నోరు పెగలదు. ఆడేవాళ్లు కనిపిస్తారేమోనని బట్టలుతికే వంకతో మూడు ఆదివారాలు ఏటికి పోతే, ఇసుకలో ఎవరూ లేరు. వీధిలో ఆడవాళ్లను అడిగితే నవ్వారు. చివరికి నిన్న ధైర్యం చేసి టీ అంగడి దగ్గర ఇద్దరు అబ్బాయిలను అడిగితే వాళ్లూ నవ్వేసి పోయారు.

ఆ మాట అప్పుడే ఇంటికి చేరింది.

“‘నీ కూతురు మొగపిల్లోళ్లను నిలబెట్టి అడగతా ఉండాదే, ఏమప్పా’ అని టీ అంగడి మునిరత్నం నలుగురిలో ఎగతాళి చేసినాడు.” మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే అన్నాడు నాయన దామోదరం. “సాల్లే సదువు. రేపట్నుంచి బడి వద్దు.”

పంకజాక్షి చేతిలో నూలు తెగింది.

“సారు చెప్పిన పనే గదా చేసింది?” అమ్మ నాగులమ్మ గంజి చేతులతోనే వచ్చింది.

“అడిగేదానికి ఇంట్లో నేను లేనా? వీధంతా తిరగల్లా?”

“నిన్ను అడగాలంటే భయం నాయనా.” అంది పంకజాక్షి. “పొద్దంతా మగ్గంలో ఉంటావు. వచ్చి తింటావు, పడుకుంటావు. ఎప్పుడు అడిగేది?”

మగ్గం ఆగింది. నాయన తలెత్తి ఆమె ఒళ్లోని కాగితం వైపు చూశాడు.

“ఏం రాసినావు? సదువు.”

“మా ఊళ్లో ఫుట్‌బాల్ ఎవరూ ఆడరు. మూడు ఆదివారాలు చూసినాను.”

నాయన అలసటగా నవ్వాడు. “ఆదివారం మనకు మగ్గం ఆగతాదా పిచ్చిదానా? మనం నిలిపేది అమావాస్యకు. ఆ పొద్దు మేము యాడికి పోతామో మీరెప్పుడన్నా సూసినారా?”

“ఆ పొద్దంతా మాకు ఇల్లు కడిగేదే సరిపోతాది. ఇంక యాడ సూసేది?” అంది అమ్మ.

ఆ వారమే అమావాస్య. నాయన పంకజాక్షిని వెంటబెట్టుకుని ఏటికి పోయాడు. లుంగీలు ఎగగట్టిన నేతగాళ్లు ఇసుకలో బంతి వెంట పరుగెడుతున్నారు. గోలు కాస్తున్నది మునిరత్నమే!

“నా బిడ్డ అడగతాది. మర్యాదగా చెప్పాల,” అన్నాడు నాయన. మునిరత్నం తల గోక్కున్నాడు.

బంతి దొర్లుకుంటూ నాయన దగ్గరికి వచ్చింది. మగ్గం తొక్కి తొక్కి వాచిన పాదంతో తన్నాడు. రెండు బారలు కూడా పోలేదు.

“నీ పని అయిపోయిందబ్బా!” అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు. ఆ పాదాన్ని చూసి పంకజాక్షికి మాత్రం నవ్వు రాలేదు.

కాగితం మీద రాసిన వాక్యం కొట్టేసింది. “మొదట నీ పేరే రాస్తాను నాయనా. నీకు ఈ ఆట ఇష్టమా?”

నాయన ఇసుకలో మెల్లగా కూలబడ్డాడు.

“ఇష్టమా అని నన్ను ఇంతవరకూ ఎవురూ అడగలేదు పాపా,” అన్నాడు. “రాసుకో. రేపు బడిలో సారుకు సూపియ్యాల గదా.”

కన్నీళ్లకు అక్షరాలు అలుక్కుపోతున్నా, పంకజాక్షి రాస్తూనే ఉంది.