గేటు గడియలోని స్ప్రింగు

ప్రిసిల్ల చెయ్యి చాపకముందే గరిటె ఆమె వైపు ఒరిగింది. ఉప్మా అడుగంటబోతోందని ఆమెకు తట్టేసరికి పిడి వేళ్ళ మధ్యకు వచ్చేసింది. ఏళ్ళ తరబడి ఆమె చేతికి అలవాటుపడ్డ మచ్చికలోహం అది. కట్టుకున్నవాడికంటే ఈ గరిటే నయమని ఆమె అప్పుడప్పుడూ అంటుంది. భర్త ఇంట్లో ఉన్నప్పుడే అంటుంది.

మచ్చికలోహం వచ్చాక బందరులో ఇనుము, ఇత్తడి అనే మాటలే పాతబడిపోయాయి. కొళాయి, కత్తెర, గడియ, జల్లెడ అన్నీ దానితో చేసినవే. కొన్నప్పుడు మొండిగా ఉంటుంది. యజమాని చెయ్యి పడుతూ ఉంటే ఆ చేతి అలవాట్లూ, ఆ చేతి వెనకున్న ఇష్టాయిష్టాలూ నేర్చేసుకుంటుంది. మనిషి పోతే అతను వాడిన లోహాన్నంతా మున్సిపాలిటీ వారి మరపుకొలిమిలో ఇచ్చేయాలి. సమాధుల తోట నుంచి తిరిగొచ్చే దారిలోనే ఆ కొలిమి ఉంటుంది. అందులో కాలితే లోహం అంతా మర్చిపోయి, మళ్ళీ ఎవరింటికో గరిటెగా వెళుతుంది.

ఇంత బుద్ధిగల లోహం ప్రిసిల్లకు కావలసిన ఒక్క పనికీ అక్కరకు రాలేదు.

ఆమె అత్తగారు దీవెనమ్మ ఒకప్పుడు చర్చిలో ఆర్గన్ వాయించేది. మోకాళ్ళ నొప్పులని మానేసింది. మామగారు దానియేలు మాస్టారు పోయాక మాటలు కూడా తగ్గించేసింది. కానీ భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆవిడ వేళ్ళు బల్ల అంచున చప్పుడు లేకుండా ఏదో వాయిస్తూనే ఉంటాయి. ఆ వేళ్ళను చూసి చూసి ప్రిసిల్ల ఇంట్లోనే ఆర్గన్ వాయించే బల్లను, అదే కన్సోలును, తయారు చేయడానికి పూనుకుంది. పాత మంచం పట్టెలు కోయించి వేళ్ళతో నొక్కే మెట్లు చేసింది. స్వరాలు పలికించే పెట్టె తెప్పించింది. చిక్కంతా స్ప్రింగుల దగ్గర వచ్చింది.

ఒక్కో మెట్టు కింద ఒక చిన్న స్ప్రింగు ఉండాలి. వేలు నొక్కితే కాస్త ఎదురు తిరగాలి, వదలగానే మెట్టును పైకి లేపాలి. దాని ఉద్యోగం అంతే. బజారులో ఉన్నవన్నీ మచ్చిక స్ప్రింగులే కావడంతో ముందు అవే బిగించి చూసింది. దీవెనమ్మ వేలు ఇంకా గాలిలో ఉండగానే మెట్టు వినయంగా దిగిపోయింది.

"ఇది వాయించడం కాదమ్మాయ్," అంది దీవెనమ్మ. "నాకంటే ముందు నౌకరు పరిగెడుతున్నట్టుంది. కాస్తన్నా ఎదురు చెప్పకపోతే వేలికి పాటెలా తెలుస్తుంది?"

"ఈ ఇంట్లో ఎదురు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే అత్తయ్యా. నన్నే ముక్కలు చేసి బిగించుకోండి."

దీవెనమ్మ నవ్వింది. ఏడాదిలో ఆ నవ్వు అదే మొదటిసారి కావడంతో, ప్రిసిల్ల ఇక పట్టు వదలలేదు.

పాతకాలపు మొద్దు ఇనుప స్ప్రింగుల కోసం అటకలన్నీ వెతికింది. రాయడం మానేసిన బాల్‌పెన్నులు విప్పింది. బట్టలకు పెట్టే క్లిప్పులు విరిచింది. చర్చిలో ఎవరి సంచిలోనైనా పాత పెన్ను కనిపిస్తే, ప్రార్థనలో కళ్ళు మూసుకోవడం ఆమెకు కష్టమైపోయేది. ఇంతా చేస్తే నడిమి స్థాయికి స్ప్రింగులు చాలలేదు.

అప్పుడు ఆమె భర్త నతానియేలు బీరువా తెరిచి, చేతిరుమాలులో చుట్టిన గేటు గడియ బయటికి తీశాడు. దాన్ని అతను కొలిమికి ఇవ్వలేదు. నాన్న చెయ్యి పడిన వస్తువు ఒక్కటైనా ఇంట్లో ఉండాలనుకున్నాడు. గడియ లోపల సన్నటి పొడుగాటి స్ప్రింగు ఉంది.

"మచ్చికదే కదండీ?" అంది ప్రిసిల్ల.

"యజమాని పోయిన ఏడాదికి మొద్దుబారిపోతుందట, కంపెనీవాళ్ళే చెప్పారు. లాగి చూడు."

లాగి చూసింది. చక్కగా ఎదురు తిరిగింది.

"అమ్మ పాటలో నాన్న కూడా ఉన్నట్టుంటుంది," అన్నాడతను. ఆ మాట మీద హాస్యమాడాలని ఉన్నా ప్రిసిల్ల ఊరుకుంది. పట్టకారుతో స్ప్రింగును ముక్కలు చేసి, కొసలు కొక్కేల్లా వంచి బిగించింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ముందు తనే మెట్లన్నీ వరుసగా నొక్కి చూసింది. అన్నీ పలికాయి. అప్పుడు దీవెనమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. ఎడమచెయ్యి పాట అందుకుంది. కుడిచెయ్యి నడిమి స్థాయి మీదకు వచ్చి ఆగిపోయింది.

మెట్టు దిగలేదు. గోరు తెల్లబడేదాకా నొక్కినా దిగలేదు. పక్కదీ దిగలేదు. లోపల ఎక్కడో, చాలా చిన్నగా, టక్కుమంది.

ప్రిసిల్ల వంగి అదే మెట్టు నొక్కితే హాయిగా దిగి పలికింది. దీవెనమ్మ వేలు పెట్టగానే మళ్ళీ టక్కుమంది.

"బిగుసుకుందేమోనమ్మా, ఉండు, నూనె వేస్తాను," అన్నాడు నతానియేలు.

దీవెనమ్మ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఇది మన గేటుది కదూ?"

"నీకెలా తెలిసింది?"

"ఎలా తెలియదురా నానీ! ఆర్గన్ సాధనకని చీర కట్టుకుని ఎన్నిసార్లు దాని ముందు నిలబడ్డానో. మీ అందరికీ తెరుచుకునేది. పాలవాడికీ తెరుచుకునేది. నేనొక్కదాన్నే వెళ్ళబోతే ఇదిగో, ఈ చప్పుడే."

"మోకాళ్ళ నొప్పులన్నావు కదమ్మా..."

"మరేం చెప్పను? గేటు తెరుచుకోవట్లేదంటే నూనె వెయ్యమనేవారు."

నతానియేలు చేతిలోని నూనె సీసా కింద పెట్టాడు. "నాన్న కావాలని చేసుండరమ్మా. నిన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు."

"అనలేదు. వరండాలో కూర్చుని పేపరు చదువుకునేవారు, తలైనా ఎత్తకుండా. నోటితో అననక్కర్లేదు కదరా. మనసులో ఉంటే అది నేర్చుకుంటుంది. అందుకేగా ఊరంతా ఎగబడి కొన్నది."

ప్రిసిల్ల పట్టకారు అందుకుంది. "ఇప్పుడే ఊడదీస్తానత్తయ్యా. రేపు కొలిమిలో పడేసి వస్తా."

దీవెనమ్మ రెండు చేతులూ ఆ మెట్ల మీద కప్పింది.

"వద్దమ్మాయ్. అది కూడా మర్చిపోతే ఇక నేనొక్కదాన్నే మిగులుతాను. ఎవరు నమ్ముతారు?"

తర్వాత కొడుకు వైపు చూసి పక్కన చోటిచ్చింది. "రా. ఇవి నువ్వు నొక్కు. ఎప్పుడు నొక్కాలో నేను చెబుతా."

పాట మళ్ళీ మొదలైంది. నడిమి స్థాయి రాగానే ఆవిడ గడ్డంతో చూపించింది. నతానియేలు వేలు చాపాడు. ఆ వేలు చెక్కకు తగలనేలేదు. యజమాని చెయ్యి వచ్చినట్టు మెట్టు తనంతట తానే వినయంగా దిగిపోయింది.

అతను చెయ్యి వెనక్కు లాక్కుని, ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఆపకురా," అంది దీవెనమ్మ, ఎడమచేత్తో వాయిస్తూనే. "పాట పోతుంది."

అతను మళ్ళీ చెయ్యి చాపాడు.

టీ పెట్టడానికి ప్రిసిల్ల వంటింటి వైపు నడిచింది. నతానియేలు మొన్న వేసవిలో ఆ తలుపుకు కొత్తగా బిగించిన గడియ మీద చెయ్యి వేసింది. తలుపు తెరుచుకుంది. తెరుచుకున్నాక కూడా ఆమె కాసేపు గడపలోనే నిలబడిపోయింది. చెయ్యి వేసి, అది తెరుచుకుంటుందో లేదోనని తను ఊపిరి బిగబట్టిన సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.